పెసరబద్దంత మాత్ర

చెల్లెమ్మకు ఆశీస్సులు. అమ్మకు బీపీ మాత్ర రోజూ తన చేత్తోనే వేస్తానని పెద్దన్నయ్య నలభై ఏళ్ల కిందట మనిద్దరి ముందూ మాటిచ్చాడు. నువ్వు మరిచిపోయి ఉండవు. బీపీ దిగగానే "తగ్గిందిగా, ఇంకెందుకు?" అని ఆయనే మానిపించాడు. నెల తిరక్కుండా అమ్మకు పక్షవాతం వచ్చింది, దాంతోనే పోయింది.

మొన్న ఆస్పత్రిలో నేనూ అదే మాట అన్నాను. పోయిన నెల నూట తొంభై ఉన్న నా బీపీ నూట ముప్పైకి దిగిందని నర్సు చెప్పగానే, "అయితే ఇంక మానేయనా అమ్మాయ్?" అని నోరు జారాను.

"తడవడం లేదు కదా అని వానలో గొడుగు మూసేస్తారా తాతగారూ?" అంది, నా చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ.

ఇన్ని పుస్తకాలు నమిలినవాణ్ని, ఇంటికొచ్చి ఆ మాత్రను అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశానో తెలియదు. పెసరబద్ద కంటే కాస్త పెద్దది, అంతే. డెబ్బై ఏళ్లుగా ఎవరి మాటా వినని నా నెత్తురు, చప్పుడు చెయ్యని ఆ తెల్లటి పలుకు మాట వింటోంది.

నువ్వూ మాత్రలు మానేశావని మీ అబ్బాయి రాశాడు. ఈ కార్డు అందిన పూటే మళ్లీ మొదలుపెట్టు. కళ్లజోడు మార్పించుకున్నావా? పెద్దన్నయ్య తన మాత్రలు వేసుకుంటున్నాడో లేదో వెళ్లి చూసిరా. ఆయన నూరేళ్లుండాలి, లేకపోతే నేనెవరితో పోట్లాడను? మీ అందరికీ నా దీవెనలు. అమ్మ పోవడానికి కారణం ఎవరని అడిగితే, ఇప్పటికీ పెద్దన్నయ్యే అంటాను.