మూడో అంతస్తుకు చాలని ఊపిరి

సూరత్, వడోద్
ఆదివారం పొద్దున

అక్కా, ముందు ఈ నాలుగు మాటలు మనసులో చదువుకో. ఈ ఉత్తరం మధ్యలో ఒక గీత గీశాను. గీత వరకు అమ్మకు గట్టిగా చదివి వినిపించు. గీత కింద ఉన్నది నువ్వొక్కదానివే చదువుకో. అమ్మ "ఇంకేం రాసింది?" అని అడిగితే "అయిపోయింది" అని చెప్పు.

సిరిసిల్లలో బీడీల చాట పక్కన పెట్టి ఈ కాగితం విప్పుతున్న మా పద్మక్కకు, ఆ పక్కనే చెవులు రిక్కించి కూర్చున్న అమ్మకు, సూరత్ నుంచి రజిత దండాలు. నేను, మీ మరిది, అత్తమ్మ ముగ్గురం బాగున్నాం. మీరందరూ ఎలా ఉన్నారు? అమ్మ కళ్ళకు చుక్కల మందు రోజూ వేస్తున్నావా? వేసినా తుడిచేసుకుంటుంది, చూస్తూ ఉండు. బావ ఆరోగ్యం ఎలా ఉంది? చిన్ని బడికి ఏడవకుండా పోతోందా?

ఇక్కడ వానలు తగ్గాయి కానీ ఉక్కపోత తగ్గలేదు. పొద్దున ఉతికిన బట్ట సాయంత్రానికి కూడా ఆరదు. మీ మరిది పని అదే, పన్నెండు గంటల డ్యూటీ. మరమగ్గాల సాంచాల మోత మధ్య నిలబడి నిలబడి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. సాంచాల కార్ఖానాను ఇక్కడ ఖాతా అంటారు. నేను అదే ఖాతాలో కింద, నూలు కండెలు చుట్టే మిషన్ దగ్గర కూర్చుంటున్నాను. ఎండలో పని కాదు, బరువులు మోసే పని కాదు, అమ్మ దిగులు పడనక్కర్లేదు. తిండికి లోటు లేదు. ఇక్కడి పప్పులో చక్కెర వేస్తారని మొదట్లో ఏడ్చాను కదా, ఇప్పుడు ఆ పప్పే అడిగి మరీ తింటున్నాను. అన్నం బాగానే తింటున్నాను. నిజంగా బాగున్నాను.

ఉత్తరం తెచ్చిన శంకరన్న మా కింది అంతస్తులో ఉంటాడు. మంచి మనిషి. ఒక గ్లాసు చాయ్ ఇవ్వు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతికి సర్వపిండి చేసి ఇచ్చి పంపు. చింతకాయ తొక్కు కూడా. తొక్కు కొంచెం ఎక్కువే పంపు.

———————————

అక్కా, తొక్కు ఎందుకు ఎక్కువ అడిగానో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండున్నర నెలలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మాది ఒకటే గది. ఫోన్‌లో నేను చెప్పేది అత్తమ్మ వింటుంది, నీ పక్కన కూర్చుని అమ్మ వింటుంది. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని అత్తమ్మ పట్టుదల. "పుట్టింటోళ్లకు గూడ ఇప్పుడే జెప్పకు. నిండినంక నేనే స్వయంగ ఫోన్ జేసి జెప్త," అంది. ఆమెకు తెలియకుండా రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో మొదటి నుంచి చెబుతాను.

నీతో పోయిన నెల ఫోన్‌లో మాట్లాడినప్పుడు "ఎందుకే గట్ల ఆయాసపడుతున్నవ్?" అని అడిగావు గుర్తుందా? అప్పుడే మెట్లెక్కి వచ్చానని చెప్పాను. అబద్ధం. మంచం మీద కూర్చుని ఉన్నాను.

మా ఇల్లు మూడో అంతస్తు. మొత్తం యాభై నాలుగు మెట్లు. వచ్చిన కొత్తలో బిందె పట్టుకుని ఎక్కేదాన్ని. ఈ రెండు నెలల్లో వట్టి చేతులతో ఎక్కినా ఇరవైయో మెట్టు దగ్గర ఊపిరి చాలదు. చాలదు అంటే ఆగిపోయినట్టు కాదు. ఎంత పీల్చినా ఇంకొంచెం కావాలనిపిస్తుంది. కూర్చున్నప్పుడు కూడా ఉన్నట్టుండి లోపలి నుంచి పెద్ద శ్వాస ఒకటి వస్తుంది. వినేవాళ్ళకు అది నిట్టూర్పు. మీ మరిది "ఏంది, ఊరు యాదికొచ్చిందా?" అంటాడు. అత్తమ్మ అయితే "ఏందే, గట్ల ఊపిరి ఇడుస్తున్నవ్? ఎవలేమన్నరే నిన్ను?" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతుంది. ఏ బాధా లేదంటే నమ్మదు. అంత పెద్ద నిట్టూర్పు బాధ లేకుండా వస్తుందా మరి!

నాకు మాత్రం వేరే భయం. నీకు చెప్పక్కర్లేదు. నాన్న.

నాన్నకు కూడా మొదట్లో ఇంతే కదా, మెట్ల దగ్గరే మొదలైంది. సాంచాల ధూళి ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. చివరికి గడప దాటడానికి కూడా గోడ పట్టుకునేవాడు. నాన్నకు అంటుకున్నదే నాకూ అంటుకుందని, అదీ కడుపులో ఒకటి ఉన్నప్పుడు వచ్చిందని, దానికి సరిపడా గాలి నేను పీలుస్తున్నానో లేదో అని ఒకటే ఆలోచన.

అత్తమ్మ కూడా ధూళే అంది. ఇక్కడ మనవాళ్ళందరికీ ఒకటే మందు, పని దిగాక ఒక బెల్లం ముక్క. "జర నోట్ల ఏస్కో, గొంతుల ధూళంత కిందికి దిగుతది. ఖాతల పనిజేసేటోళ్లం అందరం తింటం," అని రోజూ నా అరచేతిలో పెట్టేది. తిన్నాను. బెల్లం బాగుంది, ఆయాసం మాత్రం అలాగే ఉంది.

నా సంగతి నీకు తెలుసు కదా, ఊరికే భయపడుతూ కూర్చోలేను. చిన్నప్పుడు నాన్న గడియారం విప్పి తన్నులు తిన్నదాన్ని. కాబట్టి పరీక్షలు మొదలుపెట్టాను. వారం రోజులు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని కండెలు చుట్టాను. పక్క మిషన్ ఆమె నవ్వింది కానీ ఆయాసంలో మార్పు లేదు. ఖాతాకు సెలవు వచ్చిన రోజు పొద్దున్నుంచి డాబా మీద కూర్చున్నాను. అక్కడ ధూళి లేదు, మోత లేదు, తాపీ నది వైపు నుంచి మంచి గాలి. అయినా పెద్ద శ్వాసలు వస్తూనే ఉన్నాయి. నాన్న దగ్గేవాడు, నేను ఒక్కసారి కూడా దగ్గలేదు. నాన్నకు ఆయాసం సాంచాల దగ్గర ఎక్కువ, ఇంట్లో తక్కువ. నాకు ఎక్కడైనా ఒకటే. అంటే ఇది ధూళి కాదేమో అని నాకు డాబా మీదే అనుమానం వచ్చింది. మరి ఏమిటి? అది మాత్రం తేలలేదు.

పోయిన వారం ఇరవైయో మెట్టు మీద కూర్చుండిపోయాను. అత్తమ్మ భయపడి గల్లీ చివరి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. నేను నోరు తెరిచే లోపలే, వచ్చీరాని హిందీలో తానే అంతా చెప్పేసింది. సాంచాల ధూళి అంది, ఈమె నాన్న కూడా ఇట్లాగే పోయాడు అంది. డాక్టర్ నా నెలసరి గురించి అడిగితే "సబ్ బరాబర్", అంతా సరిగ్గానే ఉంది అంది! నేను ఆమె మొహం చూశాను. ఆమె నా చేయి గట్టిగా నొక్కింది. మూడు నెలలు నిండలేదు కదా. ఆ డాక్టర్ నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఏమీ లేదుగానీ నాన్న సంగతి విన్నాక ఒకసారి ఎక్స్‌రే చూద్దామని చీటీ రాశాడు.

మర్నాడు పెద్ద దవాఖానాకు వెళ్ళాం. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద అరగంట కూర్చున్నాం. ఎదురుగా తలుపు మీద గుజరాతీలో ఏదో రాసి ఉంది. నాకు చదవడం రాదు. కానీ రాత కింద ఒక బొమ్మ ఉంది. కడుపుతో ఉన్న ఆడమనిషి బొమ్మ, దాని చుట్టూ ఎర్ర గీత. నేను ఆ బొమ్మ వంకే చూస్తూ కూర్చున్నాను. లోపలికి రమ్మనా, వద్దనా? ఎర్రటిది కాబట్టి వద్దనే అయి ఉండాలి. అంతలో నా పేరు పిలిచారు.

మిషన్ పనిచేసే ఆయన చీటీ చూసి "పేట్ సే హో క్యా?" అని అడిగాడు. కడుపుతో ఉన్నావా అని. నా వెనక నుంచి అత్తమ్మ "నహీ, నహీ" అంది. అదీ ఎంత తొందరగా! ఎందుకో తెలుసా అక్కా? ఆ బెంచీ మీద మా గల్లీ వాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు వింటారని.

ఆయన నన్ను పలక ముందు నిలబడమన్నాడు. రెండు అడుగులు వేశాను. అప్పుడు కూడా అదే పెద్ద శ్వాస వచ్చింది. దాన్ని వదిలేటప్పుడు దాంతోపాటే మాట కూడా వచ్చేసింది. "హూఁ భాయ్, హూఁ! ఢాయీ మహీనే!" అని అరిచాను. ఉన్నాను, రెండున్నర నెలలు అని. మీ మరిది ఖాతాలో మాట్లాడినట్టు అరిచాను. బెంచీ మొత్తం విన్నది. అత్తమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

ఆయన తిట్టలేదు. చీటీ తిప్పి దాని వెనక ఏదో రాసి, పై అంతస్తులో ఉన్న లేడీ డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాడు. అక్కడ కూడా మెట్లే!

ఆ డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. నేను ఒకటికి పది ప్రశ్నలు అడిగాను, విసుక్కోలేదు. కడుపు నిలిచిన మొదటి నెలల్లోనే ఒంట్లో పుట్టే ఒక రసం మనచేత లోతుగా శ్వాస పీల్పిస్తుందట. కడుపు ఇంకా పైకి కనిపించకముందే. ఇంత చిన్నదానికి అప్పుడే అంత గాలి ఎందుకని అడిగితే నవ్వి, "ముందు జాగ్రత్త" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! నేను గాలి చాలట్లేదని ఏడుస్తున్నాను, నా ఒళ్ళేమో అడగకుండానే మునుపటికంటే ఎక్కువ పీలుస్తోంది. రక్తం కూడా పరీక్ష చేసింది. కొంచెం తక్కువ ఉంది, ఆయాసానికి అదీ ఒక కారణమేనట. మాత్రలు ఇచ్చింది. నేను రోజూ తినే బెల్లం మంచిదే కానీ దాంతో సరిపోదు అంది. కూర్చున్నచోటే ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, గుండె దడదడలాడినా, కళ్ళు తిరిగినా ఆగకుండా వెంటనే రావాలని రెండుసార్లు చెప్పింది. ధూళి ఎవరికీ మంచిది కాదు, పని దగ్గర గుడ్డ కట్టుకోమంది. నాన్న జబ్బు నాకు ఉన్నట్టు ఏ గుర్తూ లేదంది. ఎక్స్‌రే ఒక్కటి తీస్తే కొంప మునిగేది కాదట, కానీ కడుపు సంగతి దాచిపెట్టి డాక్టర్ దగ్గరికి రావడమే అసలు తప్పంది. అది అత్తమ్మ వైపు చూసి చెప్పింది.

తిరిగి ఇంటికి బయల్దేరాం. నాకు కోపంగా ఉంది, నిజం రాస్తున్నాను. మా ఇంటి మెట్ల మీద మొదటి మలుపులో ఆమె కూర్చుంది. నన్నూ కూర్చోమంది. అప్పుడు చెప్పింది.

"నీ మొగనికంటె ముందుగాల రెండు పోయినయే నాకు. రెండుసార్లు నేనే వాడంత జెప్పుకున్న. మూడోసారి ఎవ్వలకు జెప్పలే, మా అమ్మకు గూడ జెప్పలే. గాడు నిలిచిండు. గందుకే నోరు రాలే బిడ్డా."

పెళ్ళై మూడేళ్ళయింది, ఈ సంగతి మీ మరిదికి కూడా తెలియదు. నా కోపం మొత్తం పోయిందని రాయను. సగం పోయింది. మిగతా సగం ఆ మెట్ల మీదే ఎక్కడో జారిపోయి ఉండాలి, పైకి వచ్చి వెతికితే దొరకలేదు.

ఇంకొకటి నిన్ను అడగాలి. చిన్ని నీ కడుపులో ఉన్నప్పుడు బీడీల కార్ఖానాకు నడుస్తూ మధ్యలో రెండుసార్లు కూర్చునేదానివి. పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నావని నేను నవ్వాను. అది ఇదేనా అక్కా? ఇదే అయితే నన్ను క్షమించు. నువ్వేమనుకున్నావు అప్పుడు? పొగాకు ధూళి అనుకున్నావా? ఎవరినైనా అడిగావా, లేక నువ్వూ నాలాగే నాన్నను తలుచుకుని భయపడ్డావా? అమ్మకు మనిద్దరం కడుపులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో కూడా అడుగు. నాకు అన్నీ తెలుసుకోవాలని ఉంది.

అమ్మను అడగాలంటే ముందు అమ్మకు చెప్పాలి కదా. రాస్తూ రాస్తూ ఇక్కడికి వచ్చాక నాకే నవ్వొచ్చింది. అత్తమ్మ దాచిందని ఇంత రాసి, నేనేమో గీత గీసి అమ్మ దగ్గర దాస్తున్నాను. కాగితంలో వెనక్కి వెళ్ళి ఆ గీత మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేశాను, చూడు. అంతా చదివి వినిపించు. కాకపోతే డాక్టరమ్మ చెప్పింది ముందు చదివి, నాన్న మాట తర్వాత చదువు. ఏడిస్తే కాసేపు ఏడవనివ్వు. బస్సెక్కి వస్తానంటే మాత్రం ఆపు, ఏడో నెలలో ఎలాగూ నేనే వస్తాను.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. చిన్నికి ముద్దులు. నన్నూ నా లోపలి చిన్నదాన్నీ తలుచుకుని అమ్మను ఒక్కసారి ఈ కాగితం మీద చేయి పెట్టమను, దీవెన నాకు అందుతుంది.

నీ చెల్లెలు,
రజిత

అక్కా, కాగితం మడిచి మళ్ళీ విప్పాను. ఈ వారమంతా మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులో అత్తమ్మ "నా మోకాలు గుంజుతున్నది, జర కూసుందాం" అని ఆగుతోంది. పాపం, వయసు మీద పడుతోందనుకుని నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఇందాక ఆమె ఒక్కతే పాలకు వెళ్ళింది. ఊరికే తెలుసుకుందామని పై నుంచి తొంగి చూశాను. యాభై నాలుగు మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చింది.