అన్న వేలికి గడ్డి చామంతి పసరు

శుక్రవారం, నాచారం

అన్న కాలి వేలు కుళ్లుతోందని పొద్దున ఉప్పల్‌లో డాక్టర్ చెప్పాడు. షుగర్ వల్లే. రేపు ఆస్పత్రిలో చేరితే వేలు తీసేయడంతో సరిపోతుంది, ఆలస్యం చేస్తే పాదమే పోవచ్చు. అన్న మౌలాలిలోని తన ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పేపర్ ఆఫీసు నుంచి నేను వెళ్లేసరికి రైలు పట్టాల పక్కన కోసుకొచ్చిన గడ్డి చామంతిని రోజూలాగే నలిపి వేలికి కట్టుకున్నాడు. చిన్నప్పుడు మాకు దెబ్బ తగిలితే నాన్న ఆ ఆకు పసరే పిండేవాడు. నెత్తురు ఆగేది. అది నేను కళ్లారా చూసిన నిజం. అబద్ధమైతే అన్నతో వాదించడం తేలికయ్యేది.

"ఆకు పనిజేస్తున్నది తమ్మీ. వారం సంది జర గూడ నొప్పి లేదు."

"నొప్పి తెల్వకపోవుడే బీమారి అన్నా."

"గది నీ పేపర్ల రాసుకో పో."

వదిన కట్టు విప్పి, "నువ్వన్న సూసి చెప్పయ్యా, నా మాట ఇంటలేడు" అంది. పసరు కింద వేలు నల్లబడి ఉంది. అన్న టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. వేలిని నొక్కాను. తల తిప్పలేదు. ఇంకా గట్టిగా నొక్కాను.

అన్న టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"ఏంది, ముట్టనీకి భయమైతున్నదా?"

నా వేళ్లు అప్పుడు కూడా దాన్ని నొక్కుతూనే ఉన్నాయి.