వాలు మీద తొమ్మిది గుంతలు

బావా,

అక్క మొగుడివి కాబట్టి బాగున్నావా అని అడుగుతున్నాను. క్లబ్బు సెక్రటరీవి కాబట్టి అడగాలని లేదు.

పిల్లలకు గోల్ఫ్ నేర్పుతానంటే మంచి పచ్చిక పాడవుతుందని పంపు షెడ్డు వెనకాల ఏటవాలు నేల చూపించావు. పైగా సీజను మొదటి రోజే వాళ్లకి పెద్దలతో పోటీ పెట్టి, "ఓడితే క్లాసు మూసేసి గడ్డి కోసుకుంటూ బతుకు" అన్నావు, నలుగురి ముందు. నేను నవ్వి ఊరుకున్నాను. నా నవ్వు సంగతి అక్కనడిగితే చెప్పేది.

బంతి పడే గుంత ఏ రోజు ఎక్కడుండాలో చూసి పొద్దున్నే తవ్వేది నేను. ఆ చోట్లు రాసిచ్చే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేది నువ్వు. ఇవాళ కూడా ఫోనులో మాట్లాడుతూనే పెట్టావు. తొమ్మిది గుంతలూ వాలు మీదే ఉన్నాయి. మీ పెద్దలకు చదును నేలే అలవాటు. నా పిల్లలు నాలుగు నెలలుగా వాలు తప్ప ఇంకోటి ఎరగరు, నీ దయ వల్ల.

ఆట మొదలయ్యాక గుంతలు మార్చకూడదని రూలు రాసింది నువ్వే. అందుకే మొదటి బంతి కొట్టాకే ఈ ఉత్తరం నీకివ్వమని వాచ్‌మన్‌కి చెప్పాను.

నీకు పోటీగా నిలబడ్డది నీ కూతురేనని ఈపాటికి చూసే ఉంటావు. ట్యూషన్ అని చెప్పి వచ్చేది నా దగ్గరికే. మీ నాన్నని కాస్త చూసీచూడనట్టు వదిలెయ్యవే అన్నాను. "క్లాసు మూసేస్తానన్నది ఎవరు మామయ్యా?" అంది.

కానివ్వు బావా, నీ వంతే. అది ఎదురుచూస్తోంది.

నీ బావమరిది