చెంప మీద మచ్చ

ప్రియమైన అక్కకు,

నేను తీస్తే నువ్వు దయ్యంగా వేసిన మన సినిమాని ఇరవై ఏళ్ల తర్వాత మళ్ళీ ఆడిస్తున్నారు. అప్పుడు తిట్టిపోసిన పత్రికే ఇప్పుడు ‘పొగమంచు, ఖాళీ మెట్లు, గోడ మీద నీడ. ముఖం చూపకుండానే వణికించాడు’ అని రాసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పేరు లేకుండా వచ్చిన ఆ పాత సమీక్ష తీసి చదివాను. ‘నాలుగు గంటలు కూర్చోబెట్టి చెంపకు పెట్టిన కాలిన మచ్చను చూపించే ధైర్యం దర్శకుడికి లేదు’ అని ఉంది. సినిమాలో ముఖమే లేనప్పుడు, హాల్లో కూర్చున్నవాడికి మచ్చ సంగతెలా తెలుస్తుంది? ముఖం ఉంచుదామని నాతో పోట్లాడింది ఎడిటరే. వాడితో మాటలు మానేసి మంచిపని చేశాను. ఆదివారం ఆటకు వాణ్నీ పిలిచారట. వాడొస్తే నేను వెళ్లను.

నీ తమ్ముడు

తమ్ముడికి ఆశీస్సులు.

చాలా సంతోషంరా. ఎనిమిది రోజులపాటు రోజుకి నాలుగు గంటలు కదలకుండా కూర్చుని మచ్చ పెట్టించుకుంటే, తెర మీద నా నీడ మిగిలింది. ఇప్పుడు దానికే చప్పట్లన్నమాట. మచ్చ సంగతి మేకప్ ఆయనకు తెలుసు, లైట్ల వాళ్లకు తెలుసు. ఎడిటర్ మీదే ఎందుకు పడతావు? ఆ పాత కాగితం పారెయ్.

అక్క

అక్కా,

ఎడిటర్‌కి ఫోన్ చేసి అడిగేశాను. “నేను రాయలేదు. రాసిందెవరో తెలుసు, చెప్పను” అన్నాడు. దొంగమాటలనుకుని పెట్టేశాను.

తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నాలుగు గంటలని నువ్వూ రాశావు. ఎడిటర్ ఏనాడూ మేకప్ గదికి రాలేదు. మేకప్ ఆయనకు సంతకం పెట్టడమే కష్టం. నాకు పిచ్చి పట్టిందనుకో, పరవాలేదు. కాదని ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

చిన్నోడా,

కాదని రాయలేను. మొదటి ఆటకు వీధి వీధంతా వెంటేసుకుని వెళ్లాను, నా ముఖం చూపిద్దామని. ఆఖరిదాకా రాలేదు. ఇంటికొచ్చి ఏడుస్తూ రాసి పంపాను. సినిమా మునిగిపోతుందనుకోలేదు.

ఎడిటర్ చదవగానే కనిపెట్టాడు. “నేను చెప్పను, మీరే చెప్పండి” అన్నాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. నువ్వు అతన్ని గుమ్మం తొక్కనివ్వకపోతే చూస్తూ ఊరుకున్నాను. రాసినదానికంటే అదే నన్ను ఎక్కువ తినేస్తోంది. ముఖం చూపించాల్సిందని మాత్రం ఇప్పటికీ అంటాను.

ఆదివారం నేను రాను. నా కుర్చీలో అతన్ని కూర్చోబెట్టుకో. మెట్ల మీద నీడ వచ్చినప్పుడు ఆ ముఖం ఎలా ఉండేదో ఆ హాల్లో మీ ఇద్దరికే తెలుసు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లని
మీ అక్క