టీవీలో ఆలస్యం

రాజాం,
జూన్ 9

ప్రియమైన పద్మజకు,

ప్రభువు దయవల్ల బాగానే ఉన్నాను. నీ కొండమీది ఆసుపత్రికి సిగ్నల్ వచ్చేదాకా మనకు ఉత్తరాలే గతి. ముందే చెబితే తిట్లు తగ్గుతాయని చెబుతున్నాను: యాభై అయిదు అంగుళాల టీవీ కొన్నాను. సినిమాలకు కాదు, కంప్యూటర్‌కు తగిలించాను. కాలేజీ ల్యాబ్ నుంచి రాగానే నేనూ, పక్కింటి త్రినాథూ కారు రేసులు దానిమీదే ఆడుతున్నాం. రోడ్డు గోడంత వెడల్పు! ఒక్కటే చిరాకు. బటన్ నొక్కాక కారు కాస్త ఆగి తిరుగుతోంది. ప్రతి మలుపులోనూ గుద్దేస్తున్నాను. “టీవీలింతేరా, మానిటర్‌లాగ ఎంటనే సూపించవు” అన్నాడు త్రినాథ్.

నీ విక్టర్

*

సీతంపేట,
జూన్ 17

బావా,

నలభై రెండేళ్ల మనిషివి, కారు బొమ్మలా? సరే, కొన్నావు కదా. మా ల్యాబ్‌లో పనిచేసే అనూరాధను అడిగాను. “టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటాది సిస్టర్, అది ఆన్ సేస్తే లేటు పోద్ది” అంది. చేసి చూడు. మరీ దగ్గర కూర్చోకు. ఇక్కడ జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి, రోజూ యాభై మందికి సూదులు.

ఒక మాట. నీ ఉత్తరం మొదట్లో అక్షరాలు బాగానే ఉన్నాయి. చివరికొచ్చేసరికి చీమల్లా అయిపోయాయి. తొందరలో రాశావా?

నీ పద్మ

*

రాజాం,
జూన్ 28

పద్మా,

గేమ్ మోడ్ పెట్టాను. కేబుల్ మార్చాను. ఏమీ మారలేదు. నిన్న త్రినాథ్‌ను నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఒక్క మలుపులోనూ గుద్దలేదు. “నాకేటీ లేటవట్లేదురా. ఏటి సూస్తన్నావ్ నువ్వు?” అన్నాడు. నవ్వేశాను. నువ్వు కంగారు పడకు.

విక్టర్

*

సీతంపేట,
జులై 5

బావా,

కంగారు పడకు అన్నావు కాబట్టే పడుతున్నాను. నీ ఉత్తరం కళ్లద్దాలు పెట్టుకున్నా చదవలేకపోయాను. నిన్న బస్సులో కిందికి దిగి మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఎందుకు?

భార్యగా కాదు, నర్సుగా అడుగుతున్నాను, జవాబు రాయి. ఖాళీగా కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు వణుకుతోందా? నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగుతోందా, ఒంటికి అంటుకునే ఉంటోందా? చొక్కా గుండీలకు ఎంతసేపు పడుతోంది? విశాఖలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇరవయ్యో తేదీ నుంచి సెలవు అడిగాను. ఇవ్వకపోతే ఉద్యోగం మానేసి వస్తాను.

పద్మ

*

రాజాం,
జులై 12

ప్రియమైన పద్మా,

ఈ ఒక్క కాగితానికి మూడు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తితే సన్నగిల్లిన నా గొంతు విని కనిపెట్టేస్తావని ఎత్తలేదు.

డాక్టరు దగ్గరికి మే నెలలోనే వెళ్లాను. నడిపించి చూశాడు, వేళ్లు ఆడించమన్నాడు. పార్కిన్సన్స్ అన్నాడు. ఈ వయసులో అరుదేగానీ వస్తుందట, మాత్రలతో చాలా ఏళ్లు నెట్టుకు రావచ్చట. మాత్రలు తెచ్చి బీరువాలో పడేశాను. వేసుకుంటే నిజమని ఒప్పుకున్నట్టే కదా. పాత మానిటర్ మీద కూడా కారు ఆలస్యంగానే తిరిగేది. తప్పు దానిదేనేమోనన్న ఆశతో టీవీ కొన్నాను. టీవీలో ఆలస్యం ఉంటుందని త్రినాథ్ అన్న రోజు ఎంత హాయిగా నిద్రపట్టిందో చెప్పలేను. వాడు నా కుర్చీలో కూర్చుని గెలిచాడు, అంతే, ఆశ పోయింది.

నీకెందుకు చెప్పలేదంటావా? ఎనిమిదేళ్లు కాంట్రాక్టు మీద తిరిగాక దొరికిన పర్మినెంట్ పోస్టు నీది. చెబితే వదిలేసి వస్తావని. చెప్పకపోయినా అదే మాట రాశావు.

నిన్న త్రినాథ్‌కు చెప్పాను. లేచి వెళ్లి నీళ్ల గ్లాసు తెచ్చి, “ముందు మాత్రేసుకో, ఏడుపు తరవాత ఏడుద్దాం” అన్నాడు. వేసుకున్నాను.

సెలవు పెట్టుకుని రా. ఉద్యోగం మాత్రం మానకు. భయంగానే ఉంది పద్మా, కానీ రెండు నెలల తర్వాత ఇవాళే ఒంటరిగా భయపడటం లేదు.

నీ విక్టర్