నీళ్లు తాగని కోడలు

మంగళవారం, రాత్రి

గర్భసంచి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినప్పటి నుంచి కోడలు సునీతకు విరేచనం కాలేదు. నొప్పి మాత్రలకు మలబద్ధకం వస్తుందని, నీళ్లు బాగా తాగాలని, మెల్లగా నడవాలని, విరేచనానికి బలవంతంగా ముక్కవద్దని అమలాపురం డాక్టరుగారు మరీమరీ చెప్పారు. మధ్యాహ్నం సునీత బాత్రూములోకి వెళ్లి గడియ వేసుకుంది. ఆ చప్పుడుకు పరుగెత్తుకెళ్లి తలుపు కొట్టాను. మా ఆయన కూడా గుండె ఆపరేషన్ తరువాత అలాగే గడియ వేసుకున్నారు. తలుపు పగలగొట్టేసరికి ఆయనలో ప్రాణం లేదు.

"గడియ తియ్యి సునీతా."

"సిగ్గండీ అత్తయ్యగారూ."

"ముక్కకు. పొద్దున పెట్టిన నీళ్లు అలాగే ఉన్నాయేం?"

"తాగితే రాత్రి మాటిమాటికీ మిమ్మల్ని లేపాలి కదండీ. మీరసలే..."

"కోపిష్టిదాన్ని. తెలుసు. ముందు తియ్యి."

"ఆయ్."

డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు తెప్పించి తాగించాను. వడ్రంగిని పిలిచి గడియ ఊడదీయించాను. ఇప్పుడు సునీత మంచం పక్కనే చాప వేసుకుని ఇది రాస్తున్నాను. గాలికి బాత్రూము తలుపు కదిలినప్పుడల్లా లోపల మా ఆయనే ఉన్నట్టుంటోంది. మందు ఇంకా పని చేయలేదు.

నీళ్ల గ్లాసు మాత్రం ఖాళీ అయింది. "అత్తయ్యగారండీ, ఒకసారి లేస్తారా" అంటోంది...