తలుపు తీయవద్దని నొక్కింది నువ్వే

నర్సీపట్నం.

నేను వరహాలమ్మను. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో చెప్పగల అమ్మ లేదు. ప్రస్తుతం నర్సీపట్నంలో బస్టాండు వెనక సందులో అద్దె గదిలో ఉంటున్నాను. ఈ గదిలో ఉండేది ఇద్దరం, నేనూ, నా కొడుకు సత్తిబాబు కూతురు భవానీ. అది ఇక్కడ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాకు అక్షరం రాదు కనుక ఇంటివారు రమణమ్మ గారు కుట్టుమిషను ఆపి, నేను చెబుతుంటే ఇది రాస్తున్నారు. మాటలు ఆవిడ సరిచేసుకోవచ్చు గానీ కోపాన్ని సరిచేయవద్దని ముందే చెప్పాను.

తమ్ముడు అప్పలనాయుడికి, నీ తోడబుట్టిన అప్ప రాయించేది. మేము బాగున్నాము. నువ్వు బాగున్నావని నాకు తెలుసు, ఒంట్లో బాగుండబట్టే ఇన్ని పనులు చేస్తున్నావు. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? జీడితోటకి కంచె వేయించావా, ఇంకా మేకల్ని తిడుతూనే ఉన్నావా?

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే కట్ చేస్తున్నావు. అందుకని కాగితం. మన అయ్య నిన్ను పలకా బలపం ఇచ్చి బడికి పంపాడు, నన్ను గేదెల వెనక పంపాడు. అయిదో తరగతి దాకా చదివావు కదా, దీన్ని నువ్వే చదువు. పొయ్యి దగ్గర మరదలికి వినబడేటంత గట్టిగా చదువు.

ముందు ఇక్కడి సంగతులు. నేనీ ఊరు వచ్చి ఇది రెండో వానాకాలం. రావికమతం దగ్గర మన ఊరి నుంచి ఇక్కడికి ఎంతో దూరం లేదంటారు, బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. అయినా పొద్దున్న లేచి తలుపు తీస్తే కనబడే ముఖం ఒక్కటీ తెలిసినది కాదు. వాన పడితే సందులో నీళ్ళు నిలిచిపోతాయి. ఆటోలవాళ్ళు ఏజెన్సీ ఊళ్ళ పేర్లు అరుస్తుంటే మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, ఇప్పుడు వాళ్ళు అరవకపోతే తోచడం లేదు. కొండ మీద ఆడవాళ్ళు విస్తళ్ళకి అడ్డాకులు, చింతపండు తెచ్చి అమ్ముతారు, వాళ్ళతో కాసేపు కూర్చుంటాను. చోడంబలి ఇక్కడ హోటల్లో రాగి అంబలి అని అమ్ముతున్నారు, గ్లాసులో పోసి, పైన ఉల్లిపాయ వేసి. తాగాను. అది అంబలి కాదు. మన చోడిపిండి రెండు శేర్లు మరదలి చేత మూట కట్టించి పంపు. నాకు ఒంటరిగా ఉందనుకుంటావేమో, పిల్ల కాలేజీకి పోయాక ఒంటరిగానే ఉంటుంది. ఫరవాలేదు, దిగులు పడకు. దిగులు పడడానికి నీకు వేరే కారణం ఉంది, అది చెబుతాను.

భవానీ కథలు చేస్తుందని నీకు తెలుసు. కాగితం మీద రాసే కథలు కావు, ఫోన్లో చిన్న సినిమాగా తీసి పెట్టేవి. ఆ సినిమా మధ్యలో ఆగిపోతుంది, కింద రెండు గళ్ళు వస్తాయి. చూసేవాళ్ళు ఏ గడి నొక్కితే కథ అటు పోతుంది. నాకు మొదట నచ్చలేదు. కథంటే ఒక దారిన పోవాలి గదా అన్నాను. "మామ్మా, నువ్వు సెప్పేటప్పుడు నీను ఊ కొట్టకపోతే కథ ఆపీసీదానివి గదేటి? ఇదీ అంతే, ఊ కొట్టినోలు కథని నడిపిస్తారు" అంది. మన ఇంట్లో ఊ కొట్టకుండా నిద్రపోయేవాడివి నువ్వే, అది వేరే సంగతి.

ఈ సినిమా తీసింది నీ జీడితోటలో పాక దగ్గర. తాళం నువ్వే ఇచ్చావు. కొబ్బరి బొండాలు కొట్టించి పిల్లలందరికీ తాగించావు. "మా మనవరాలు సినిమా తీస్తంది" అని దారిన పోయేవాళ్ళని ఆపి చెప్పావు. ఇవన్నీ నేను మరిచిపోలేదు.

కథ ఏమిటంటే, సోమి అనే పిల్ల చదువుకుంటూ ఉంటుంది. తండ్రి చదువు మాన్పించి పెళ్ళి కుదురుస్తాడు. పిల్ల సాయంత్రం బస్సెక్కి అమ్మమ్మ ఇంటికి వచ్చి తలుపు కొడుతుంది. ఆ అమ్మమ్మను నేను. తండ్రి మా సందులో ఆటో నడిపే సింహాచలం, మెడలో ఎర్ర కండువాతో. అక్కడ సినిమా ఆగుతుంది. ఒక గడిలో తలుపు తియ్యాలి అని, ఇంకో గడిలో తియ్యొద్దు అని ఉంటుంది.

రెండూ నా చేత చేయించింది. తీయడం క్షణంలో అయిపోయింది. మూయడం నా వల్ల కాలేదు. ఆ పిల్ల నోరెండిపోయి గుమ్మంలో నిలబడితే నా చెయ్యి తలుపు వేస్తుంది, మళ్ళీ అదే తీసేస్తుంది.

"మామ్మా, ఏసీసి ఊరుకో! మళ్ళీ తీసీకు!"

"ఏటే, ఎండలో నిలబెట్టి తలుపెయ్యమంతావు, నాకు బుద్ది నేదేటి?"

"సినిమాకే గదే!"

"సినిమాకైతే మాత్రం? తలుపేసీసే ముసల్దాన్నాగ కనబడతన్నానా నీను?"

"రెండూ తియ్యాల మామ్మా. ఎవులో ఒకలు అదే నొక్కుతారు."

"ఎవులు నొక్కుతారే అది? మనిసన్నోడు నొక్కుతాడా?"

చివరికి ఆ పిల్లను పక్కకి పంపేసి, ఖాళీ గుమ్మం ముందు నా చేత తలుపు వేయించారు. తరవాత రెండూ అతికించారు.

కాలేజీలో తెర కట్టి వేశారు. నన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సినిమా ఆగి గళ్ళు రాగానే పిల్లలందరూ "తియ్యి మామ్మా, తియ్యి!" అని ఒకటే అరుపు. తీసాను. సోమి లోపలికి వచ్చింది, అన్నం పెట్టాను, తెల్లారి కాలేజీ దాకా నేనే తీసుకువెళ్ళాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

తరవాత మన ఊళ్ళో టీకొట్టు దగ్గర నువ్వు చూశావు. ఏం జరిగిందో మరదలు ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పింది, దాన్ని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. గళ్ళు రాగానే టీకొట్టువాడు "ఏటి నాయుడుగోరూ, తియ్యాలా, ఒద్దా?" అని ఫోన్ నీ చేతికే ఇచ్చాడట. నువ్వు నీ ఎర్ర కండువా సర్దుకుని "తండ్రి మాట దాటొచ్చిన పిల్లకి తలుపెవులు తీస్తారు?" అని నలుగురూ వినేలా అని, తియ్యొద్దు అన్న గడి నొక్కావట.

నొక్కితే ఏమైంది? నీ అప్ప తలుపు మూసింది. సోమి వెనక్కి తిరిగింది. తరవాత చీకటి షెడ్డులో కూర్చుని జీడిపిక్కలు కొడుతూ, ఆ జీడిరసానికి చేతులు నల్లగా కాలిపోయి కనబడింది. ఒక్క మాట లేదు, అక్కడికి అయిపోయింది. కొట్టు దగ్గర అందరూ "అయ్యో, ఎంత రాయి ముసల్ది" అన్నారట. నీ తల వాలిపోయిందట.

ఆ రోజే నాకు ఫోన్ చేశావు. "ఏటే అప్పా, గుమ్మంలోకొచ్చిన ఆడపిల్లకి తలుపేసీసే వంశమా మనది? ఊరంతా సూసీసినాది. పరువు తీసీసింది నీ మనవరాలు!" అన్నావు. ఇంకో గడి ఉంది, అది నొక్కి చూడరా అంటే వినకుండా పెట్టేశావు.

ఒరే అప్పలనాయుడూ, మూయమని నొక్కిన వేలు ఎవరిది? పిల్ల రెండు దారులూ పెట్టింది. నర్సీపట్నంలో ముక్కూ ముఖం తెలియని పిల్లలు తియ్యమని గొంతు చించుకున్నారు. నేను మనిషన్నవాడు నొక్కడని పందెం కాసినట్టు చెప్పాను, నొక్కినవాడు నా తమ్ముడు! నువ్వు వేసిన విత్తు మొలిస్తే, పొలం మీద కోపమా నీకు?

"పెద్దమ్మగోరూ, ఇది కొంచెం మెత్తగా రాద్దామా?" అంటున్నారు రమణమ్మ గారు. రాయమ్మా, ఉన్నదున్నట్టు రాయి. వాడు నా చంకనెక్కి పెరిగినవాడు, ఏమీ అయిపోడు.

అక్కడితో ఆగినా నేను ఈ ఉత్తరం రాయించేదాన్ని కాదు. నువ్వు సత్తిబాబుని పిలిచి, పిల్లని చదువు మాన్పించి తీసుకొచ్చేయమన్నావు. వాడికి కన్నతల్లి మాట కంటే మేనమామ మాట ఎక్కువ. "మావ సెప్పీసినాడమ్మా, ఆదివారం వొస్తన్నాను, సామాను కట్టీండి" అన్నాడు. ఎందుకురా అంటే "మావ సెప్పినాడు గదా" అన్నాడు. వాడు ఆ సినిమా చూడనైనా చూడలేదు.

అప్పటి నుంచి భవానీ సరిగ్గా తినడం లేదు. కాలేజీ వాళ్ళిచ్చిన కంప్యూటరు ముందు పెట్టుకుని సినిమా తుడిచేయడానికి కూర్చుంది. నేను మూత వేసేశాను. "నీను తుడిసీస్తే నాన్న ఉండనిస్తాడేటి మామ్మా?" అని అడిగింది. అదెప్పుడూ నన్ను అలా అడగలేదు. ఎప్పుడూ నామీద అరిచేదే. నేను చేటలో బియ్యం తీసుకుని కూర్చున్నాను. నా నోటికి మాట అందకుండా చేసినవాడివి ఇన్నేళ్ళకి నువ్వొక్కడివే.

విను. సినిమాలో తండ్రి చెడ్డవాడు, వాడు నిన్ను పోలి ఉన్నాడని నీకు మంట. సింహాచలం భాగం ఇక్కడ మా సందులోనే తీశారు, వాడు నిన్ను ఎన్నడూ చూడలేదు, ఆ ఎర్ర కండువా వాడి సొంతం. నువ్వు అలా లేవని చూపించుకోవాలంటే అలా చేయకుండా ఉంటే చాలు. ఊరు నవ్విందని పిల్లని ఇంటికి తెస్తే, ఆ షెడ్డులో కూర్చున్న పిల్లని ఊరు ఈసారి ఫోన్లో కాదు, వీధిలో చూస్తుంది.

పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఈ ఏడు పోతే సత్తిబాబు మళ్ళీ పంపడు, వాడి సంగతి నీకూ తెలుసు నాకూ తెలుసు. నేను చేయగలిగింది నేను చేస్తాను. సామాను కట్టను. గదికి అద్దె కడుతున్నది నేను, నా పేరు మీదే ఉంది. కానీ వాడు కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోతే ఈ వయసులో బస్సు వెనక పరిగెత్తలేను. వాడిని ఆపగలిగినది నీ మాట ఒక్కటే. ఆదివారం లోపల, బేగి, వాడికి ఫోన్ చేసి "పిల్లని ఉండనీరా" అను. నీది తప్పని చెప్పుకోనక్కర్లేదు, నన్ను క్షమించమనక్కర్లేదు. ఆ రెండు మాటలు అను చాలు.

ఇక ముగిస్తాను, రమణమ్మ గారి జాకెట్లు అలాగే పడి ఉన్నాయి. మరదలికి నా దీవెనలు, నూరేళ్ళు పసుపు కుంకుమలతో ఉండమను, మోకాళ్ళకి నువ్వుల నూనె రాయమను. మన చిన్నాన్న గారికి నా దండాలు. నీ మనవలు మనవరాళ్ళు అందరికీ నా ముద్దులు.

చిన్నవాళ్ళకి రాసే ఉత్తరంలో పెద్దవాళ్ళ దీవెన ఉండాలి, నీకేమని రాయమంటారని రమణమ్మ గారు కలం పట్టుకుని అడుగుతున్నారు. ఏమీ రాయవద్దన్నాను. సత్తిబాబుకి ఫోన్ చేశానని కబురు పంపు, నీ దీవెన అప్పుడు రాయిస్తాను. అందాకా ఆ చోటు ఖాళీగా ఉంచమన్నాను, ఉంచారు. కింద చూసుకో.

తమ్ముడు అప్పలనాయుడికి

.......................................................

వరహాలమ్మ ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రమణమ్మ, ఇంటి యజమానురాలు (ఇది రాసినది)
సింహాచలం, ఆటో డ్రైవరు, సినిమాలో సోమి తండ్రి